ఎడమ కాలు నొక్కకపోతే గుర్రం నడవదా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 19 ఏళ్లు. మాది విజయవాడ, పటమట. బీకామ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. రెండు కాళ్లూ బిగుసుకుని ఉంటాయి, ఎడమది మరీ ఎక్కువ. ఎడమ చేతి వేళ్లకు పట్టు తక్కువ. చేతికర్రతో నడుస్తాను. ఒళ్లు వదులవుతుందని ఎవరో చెబితే నాన్న ఊరి బయట ఒక రైడింగ్ స్కూల్లో చేర్పించారు. ఇప్పుడు అదే నా లోకం అయిపోయింది. పారా డ్రెస్సేజ్ (వైకల్యం ఉన్నవాళ్లు జడ్జీల ముందు గుర్రంతో లయగా కదలికలు చేయించే పోటీ) వీడియోలు చూశాక నేనూ పోటీల్లో దిగాలని గట్టిగా అనుకుంటున్నాను. మా కోచ్ గారు "ఇండియాలో నీకు పోటీయే లేదు, 2028 లాస్ ఏంజెలెస్‌లో పతకం గ్యారంటీ" అంటారు. క్లాసులో మాత్రం "ఎడమ కాలితో నొక్కు, అందరిలా కూర్చో, నీ లోపం కనపడకూడదు" అని కేకలేస్తారు. ఎంత ప్రయత్నించినా నొక్కలేకపోతున్నాను. గుర్రం ఆగిపోతుంది, నాకు ఏడుపొస్తుంది. నేను పడిపోతానని అమ్మకు టెన్షన్. బెల్టుతో జీనుకి కట్టేస్తేనే పంపిస్తానంటోంది. సదరం సర్టిఫికెట్‌లో శాతం పెరిగితే సెలెక్షన్‌కి మంచిదేమో అని నాన్న అంటున్నారు. దుగ్గిరాలలో ఉండే మా బాబాయి, పెళ్లి ఊరేగింపుల గుర్రం ఒకటి చవగ్గా వస్తోంది, కొని మన గేదెల పాకలో కట్టేద్దాం అంటున్నారు. నేను డిగ్రీ ఆపేసి బెంగళూరు వెళ్లిపోవాలా? అసలు ఈ ఆటలో నాకు దారి ఉందా? ఇంకొకటి, రైడింగ్ ఉన్న రోజుల్లో కండరాల బిగువుకు వేసుకునే బాక్లోఫెన్ మాత్ర మానేస్తున్నాను, వేసుకుంటే మత్తుగా ఉంటోంది. ఈ సంగతి ఇంట్లో తెలియదు.
– పేరు ప్రచురించవద్దు, విజయవాడ

జవాబు:

అమ్మా, ముందు మాత్ర సంగతి చూద్దాం. బాక్లోఫెన్‌ని నీ అంతట నువ్వు ఒక రోజు మానడం, ఒక రోజు వేసుకోవడం ఇవాళ్టితో ఆపెయ్. ఈ మందును ఉన్నట్టుండి ఆపితే కండరాల బిగువు మునుపటికన్నా ఎక్కువై తిరగబడవచ్చు. కొందరికి ఫిట్స్ వస్తాయి, లేనివి ఉన్నట్టు కనపడతాయి. అదంతా గుర్రం మీద ఉండగా జరిగితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. మత్తు నిజమే, దాన్ని భరించమని నేను అనను. రైడింగ్ ఏ రోజుల్లో, ఏ టైముకో ఒక కాగితం మీద రాసి డాక్టరుగారికి చూపించు. మోతాదు మార్చడమో, వేళలు జరపడమో ఆయన చూస్తారు. అమ్మకు కూడా ఇవాళే చెప్పు. పడిపోతావని ఆవిడ పడుతున్న భయానికి నిజమైన కారణం ఏదైనా ఉందంటే అది ఇదే. ఇంకో జాగ్రత్త, మాత్రల డబ్బాను గుర్రం దాణా దగ్గరికి తీసుకెళ్లకు. పోటీల్లో గుర్రాలకు కూడా డోప్ పరీక్షలు ఉంటాయి. మనిషి మందు పొరపాటున తొట్టిలో పడినా జవాబు చెప్పుకోవాల్సింది దాని మీద సవారీ చేసినవాళ్లే.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకు వస్తాను. దారి ఉందా అన్నావు. ఆట ఉంది, అందులో నీలాంటి వాళ్లకు చోటు ఉంది. మన దగ్గర దారి మాత్రం ఇంకా పడలేదు. మీ కోచ్ గారు ఈ రెండింటినీ కలిపేసి "పోటీయే లేదు, పతకం గ్యారంటీ" అంటున్నారు. అది నీకు మేలు చేసే మాట కాదు.

పారా డ్రెస్సేజ్ 1996 అట్లాంటా నుంచి పారాలింపిక్స్‌లో ఉంది. గుర్రపుస్వారీలో పారాలింపిక్స్‌లోకి వచ్చిన విభాగం ఇదొక్కటే. ఆడవాళ్లూ మగవాళ్లూ ఒకే పోటీలో దిగుతారు. 2024లో పారిస్ పారాలింపిక్స్ జరిగినప్పుడు ఈ పోటీలను వెర్సాయ్ రాజప్రాసాదం ఆవరణలో పెట్టారు. 78 మంది రైడర్లు వచ్చారు, 11 స్వర్ణాలు పంచారు. ఆ పారిస్‌కే మన దేశం 84 మందిని 12 క్రీడల్లో పంపింది, 29 పతకాలు తెచ్చుకుంది. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచిందీ అక్కడే. ఆ 12 క్రీడల్లో గుర్రపుస్వారీ లేదు. 2023 డిసెంబరులో ఢిల్లీలో మొదటి ఖేలో ఇండియా పారా గేమ్స్ పెట్టినప్పుడు ఏడు క్రీడలు ఎంచుకున్నారు, వాటిలోనూ లేదు. పరుగు పందెంలో ఉన్న పిల్లకు జిల్లా స్థాయి, రాష్ట్ర స్థాయి, జాతీయ స్థాయి అని మెట్లు ఉంటాయి. ఒక్కో మెట్టు దగ్గర తను ఎక్కడ ఉందో తెలుస్తుంది. నీకు ఆ మెట్లు లేవు. మన దేశంలో నీతో పోటీపడేవాళ్లు లేకపోవడం వల్ల నువ్వు ముందున్నట్టు కాదు. నీ పోటీ బ్రిటన్, నెదర్లాండ్స్, జర్మనీ, అమెరికా వాళ్లతో. వాళ్లు చిన్నప్పటి నుంచి జడ్జీల ముందు సవారీ చేసి మార్కులు తెచ్చుకుంటున్నవాళ్లు. 2028ని క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుని పరిగెడితే నీకు మిగిలేది నడుం నొప్పి, నాన్నగారికి మిగిలేది అప్పు. దాన్ని పక్కన పెట్టు. ఒక అర్హత ఉన్న డ్రెస్సేజ్ జడ్జి ముందు ఒక టెస్టు (ముందే నిర్ణయించిన కదలికల వరస) మొదటి నుంచి చివరిదాకా చేసి, మార్కుల కాగితం చేతికి తెచ్చుకోవడమే నీ మొదటి లక్ష్యం కావాలి.

ఇక "ఎడమ కాలితో నొక్కు" అనే మాట. నీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది ఇదే, కాబట్టి దీని గురించి వివరంగా రాస్తాను. ఈ భాగం కోచ్ గారికి కూడా చూపించు.

నేను ఫిజియోథెరపీ చేసినన్నాళ్లూ సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్ని చూశాను. బిగువు ఉన్న కాలికి "నొక్కు" అని మెదడు గట్టిగా ఆదేశం పంపితే ఆ ఒక్క కండరం పనిచేసి ఊరుకోదు. తొడల లోపలి కండరాలు రెండు వైపులా ఒకేసారి బిగుస్తాయి. మోకాళ్లు, మడమలు పైకి లేస్తాయి. కటి వెనక్కి వాలి, వీపు గుండ్రంగా అవుతుంది. అదే క్షణంలో ఎడమ చేయి కూడా ముడుచుకుని పగ్గాన్ని వెనక్కి లాగుతుంది. నువ్వు కావాలని చేస్తున్నది కాదు ఇది. ప్రయత్నం పెరిగేకొద్దీ బిగువు పక్క అవయవాలకు పాకడం ఈ పరిస్థితిలో మామూలే. ఇప్పుడు గుర్రం వైపు నుంచి ఆలోచించు. కాళ్లు పద అంటున్నాయి, చేయి ఆగు అంటోంది, మీద ఉన్న బరువు వెనక్కి జరిగింది. మూడింటిలో రెండు ఆగమనే చెబుతున్నాయి. అది ఆగింది. నీ శరీరం చెప్పిన మాట చక్కగా విన్న గుర్రం అది. నువ్వు ఏడవాల్సిన పనే లేదు.

డ్రెస్సేజ్‌లో మనం గుర్రానికి చెప్పుకునేది కూర్చునే తీరుతో, కాళ్లతో, చేతులతో. వీటిలో ఏదైనా పనిచేయకపోతే దాని బదులు ఇంకొకటి వాడుకోవడానికి పారా డ్రెస్సేజ్ నియమాలు ఒప్పుకుంటాయి. కాళ్లకు పట్టు లేనివాళ్లు రెండు చేతుల్లో రెండు కొరడాలు పట్టుకుంటారు. అవి కొట్టడానికి కాదు, కాలు తాకాల్సిన చోట తాకించడానికి. వేళ్లకు పట్టు లేనివాళ్లు పగ్గాలకు తోలు ఉంగరాలు కుట్టించుకుంటారు. చూపు లేనివాళ్ల కోసం అరీనా (సవారీ చేసే మైదానం) చుట్టూ ఉన్న అక్షరాల దగ్గర మనుషులు నిలబడి పిలుస్తారు. చివర్లో జడ్జికి నమస్కారం చేసేటప్పుడు పగ్గం వదలలేనివాళ్లు తల వంచితే చాలు. వీటిలో నీకేది అవసరమో, ఎవరి ఇబ్బంది ఎంతో చూసి వర్గీకరణ చేసే నిపుణులు చూసి నీ పేరు మీద రాస్తారు. రాసినవి వాడుకుంటే ఎవరూ మార్కులు తగ్గించరు.

బ్రిటన్ రైడర్ నటాషా బేకర్ సంగతి చూడు. చిన్నతనంలో వెన్నుపాముకు వచ్చిన జబ్బు వల్ల ఆమె కాళ్లతో గుర్రానికి ఏమీ చెప్పలేకపోయేది. ఆమె తన గుర్రాలకు కూర్చునే బరువును, గొంతును అర్థం చేసుకోవడం నేర్పింది. 2012 లండన్‌లో రెండు స్వర్ణాలు గెలిచింది. ఇంకా వెనక్కి వెళ్తే డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్ ఉంది. 1944లో గర్భిణిగా ఉన్నప్పుడు పోలియో వచ్చి మోకాళ్ల కింద చచ్చుబడింది. గుర్రం ఎక్కడానికీ దిగడానికీ ఒకరు సాయం పట్టాలి. 1952 హెల్సింకిలో డ్రెస్సేజ్‌లోకి ఆడవాళ్లను మొదటిసారి రానిచ్చారు. అది పారాలింపిక్స్ కాదు, ఒలింపిక్సే. అక్కడ మగవాళ్లతో పోటీపడి రజతం తెచ్చుకుంది, నాలుగేళ్ల తర్వాత మళ్లీ రజతం. వీళ్లెవరూ అందరిలా కూర్చుని గెలవలేదు. తమ ఒంటితో ఏది చెప్పగలరో అది చెప్పారు, గుర్రానికి ఆ మాట అర్థమయ్యేలా నేర్పారు. నువ్వు నేర్చుకోవాల్సిన ఆట ఇదే.

ఎలా మొదలుపెట్టాలో చెబుతాను. నెల రోజుల పాటు ట్రాట్ (నడక కన్నా వేగంగా, ఎగురుతున్నట్టు సాగే అడుగు) మాట ఎత్తకు, నడక ఒక్కటే. ఎక్కగానే పని మొదలుపెట్టకుండా, సైస్ (గుర్రాన్ని చూసుకునే మనిషి) ముందు పట్టుకుని నడిపిస్తుంటే ఊరికే కూర్చో. గుర్రం నడిచేటప్పుడు దాని వీపు మన కటిని ముందుకూ వెనక్కీ, పక్కకూ, కొంచెం మెలితిప్పినట్టూ కదుపుతుంది. మనం నడిచేటప్పుడు కటి కదిలే తీరుకు ఇది చాలా దగ్గర. కాసేపటికి తొడల బిగువు సడలడం నీకే తెలుస్తుంది. అప్పుడు పని మొదలుపెట్టు. ఊపిరి మెల్లగా వదులుతూ, పిరుదుల కింది ఎముకలు రెండూ జీను మీద సమంగా ఆనేలా కూర్చుని, గుర్రం అడుగుతో పాటు కటిని ముందుకు వెళ్లనివ్వు. "పద" అనడానికి నీ సంకేతం ఇదే. కదల్లేదా, వెంటనే కొరడా కొసను దాని పక్కకు మెల్లగా తాకించు. కదిలిందా, తాకడం అక్కడితో ఆపి మెడ నిమురు. ప్రతిసారీ ఇదే వరస, ఏ రోజూ మారకూడదు. గుర్రం నేర్చుకునేది ఒత్తిడి ఆగిన క్షణంలోనే, కాబట్టి ఆపడం ఆలస్యమైతే పాఠం పోయినట్టే. కొన్నాళ్లకు కొరడా అక్కర్లేకుండా నీ ఊపిరికే కదులుతుంది.

ఎడమ చేతిలో కొరడా నిలవకపోతే పిడి చుట్టూ స్పాంజి చుట్టించి లావు చేయించుకో. సన్నటి పిడి పట్టుకోవడానికే వేళ్లు ఎక్కువ బిగుసుకుంటాయి. పగ్గానికి ఉంగరం కుట్టించేటప్పుడు ఒకటి చూసుకో, చేయి లాగగానే బయటికి జారిపోవాలి, మణికట్టు దగ్గర చిక్కుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, నీకు ఒకే గుర్రాన్ని ఇమ్మని అడుగు. నువ్వు పొద్దున ఊపిరితో నేర్పింది, సాయంత్రం ఇంకొకరు మడమలతో పొడిచి చెరిపేస్తే ఏ జంతువైనా ఏం నేర్చుకుంటుంది? దానికి అదనంగా ఫీజు అడిగితే, వారంలో ఒక క్లాసు తగ్గించుకునైనా ఒకే గుర్రం మీద నేర్చుకో. మన రైడింగ్ స్కూళ్లలో చాలా గుర్రాలు రేసుల నుంచి వచ్చిన థరోబ్రెడ్ జాతివి. పగ్గం బిగిస్తే ఇంకా వేగం పెంచడం వాటిలో కొన్నింటికి అలవాటు. నీ ఎడమ చేయి దానంతట అది బిగుసుకుంటుంది కాబట్టి అలాంటిది నీకు పనికిరాదు. వయసు కాస్త పైబడినా సరే, శబ్దాలకు బెదరనిది, నిలబడమంటే నిలబడేది కావాలి.

జడ్జీలు ఏం చూస్తారో కూడా తెలుసుకో, అప్పుడు నీ సాధన దారిలో పడుతుంది. టెస్టులోని ఒక్కో కదలికకు 0 నుంచి 10 వరకు మార్కు, అర మార్కులు కూడా ఉంటాయి. అన్నీ కలిపి శాతంగా లెక్కిస్తారు. నడకలో నాలుగు డెక్కలూ నాలుగు వేరువేరు దెబ్బలుగా, సమానమైన వ్యవధితో పడాలి. ట్రాట్‌లో రెండు, అంతకన్నా వేగమైన క్యాంటర్‌లో మూడు. ఈ లయ చెడిందా, గుర్రం నీ మాట తేలిగ్గా వింటోందా, నిటారుగా వెళ్తోందా, వలయం వలయంలాగే ఉందా, ఇవీ వాళ్లు చూసేవి. నడకే కదా అని తేలిగ్గా అనుకోవద్దు. ఒకసారి చెడిన నడకను బాగుచేయడం ట్రాట్‌ను బాగుచేయడం కన్నా కష్టం. వాన పడి ఇసుక తడిగా ఉన్న రోజు దిగి అడుగుజాడలు చూడు. వెనక డెక్క ముందు డెక్క జాడను దాటి పడితే గుర్రం ఒళ్లు వదులుగా వేసుకుని నడిచినట్టు. దాటకుండా వెనకే పడితే నువ్వు ఎక్కడో బిగించావు. ఇది ఏ కోచ్ సాయం లేకుండా నీ అంతట నువ్వు చూసుకోగల పరీక్ష. ఇంట్లో మేడ మీద చాక్‌పీసుతో అరీనా నమూనా గీసుకో. అసలు చిన్న అరీనా 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు. చుట్టూ ఎ, కె, ఇ, హెచ్, సి, ఎం, బి, ఎఫ్ అక్షరాలు, నడిమధ్య ఎక్స్. అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య ఎఫ్ఈఐ తన పారా డ్రెస్సేజ్ టెస్టులన్నీ వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టింది. ఒకటి ప్రింట్ తీసుకుని, వేలితో ఆ గీతల మీద నడుపుతూ కంఠతా పట్టు.

గ్రేడ్ల గురించి నువ్వు అడగలేదు కానీ నాన్నగారి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. గ్రేడ్లు ఐదు. శరీరానికి ఇబ్బంది అందరికన్నా ఎక్కువ ఉన్నవాళ్లు గ్రేడ్ 1, వాళ్ల టెస్టు అంతా నడకే. గ్రేడ్ 2లో నడకతో పాటు కొంత ట్రాట్, గ్రేడ్ 3లో నడక, ట్రాట్. గ్రేడ్ 4, 5 వాళ్లకు క్యాంటర్ కూడా ఉంటుంది, వాళ్ల అరీనా 60 మీటర్ల పొడవు. ఎవరి గ్రేడ్‌లో వాళ్లకే పోటీ. గ్రేడ్ నిర్ణయించేది శిక్షణ పొందిన డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు. నీ కండరాల బలం, కీళ్లు ఎంతవరకు తిరుగుతాయి, అవయవాల మధ్య సమన్వయం ఎంత, ఇవన్నీ ఒక్కొక్కటిగా కొలుస్తారు. నువ్వు ఎంత బాగా సవారీ చేస్తావన్నదానికీ గ్రేడ్‌కీ సంబంధం లేదు. సదరం శాతానికీ దానికీ కూడా సంబంధం లేదు. నువ్వు ఏ గ్రేడ్‌లోకి వస్తావో ఉత్తరం చూసి నేను చెప్పను, నిన్ను పరీక్షించకుండా ఎవరు చెప్పినా నమ్మకు. నాన్నగారితో ఒక మాట చెప్పమ్మా. ఆయన తన బిడ్డ కోసమే అన్నారని నాకు తెలుసు. కానీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించి లబ్ధి పొందడం 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం జైలు శిక్ష పడే నేరం. వర్గీకరణలో కావాలని బలహీనంగా నటించినట్టు తేలితే ఆటలోంచి నిషేధిస్తారు. సర్టిఫికెట్‌లో ఎంత ఉందో అంతే ఉండనివ్వండి.

అమ్మగారికి నేరుగా రాస్తున్నాను. అమ్మా, బెల్టు మాట మర్చిపోండి. గుర్రం కాలు జారి పక్కకు ఒరిగితే దాని బరువు కింద మీ అమ్మాయి ఉండిపోతుంది. పోటీ నియమాల్లో కూడా ఇది ఖచ్చితం, ఏ పట్టీ వాడినా, పడితే మనిషి గుర్రం నుంచి విడిపోయేలా ఉండాలి. రికాబు (పాదం పెట్టుకునే ఇనుప వలయం)లోంచి పాదం జారకుండా తెగిపోయే రబ్బరు బ్యాండు వేయడం వరకు సరే. పడకుండా ఉండటానికి వేరే ఏర్పాట్లు ఉన్నాయి. గడ్డం కింద పట్టీతో తలకు సరిగ్గా సరిపోయే రైడింగ్ హెల్మెట్ కావాలి. స్కూటర్ హెల్మెట్, క్రికెట్ హెల్మెట్ వద్దు. పాదం మొత్తం లోపలికి దూరిపోకుండా ముందు మూత ఉండే రికాబులు కావాలి. ఎక్కడానికి మెట్లో, ర్యాంపో కావాలి, ఇద్దరు మనుషులు ఎత్తి కూర్చోబెట్టడం కాదు. కొత్త పాఠం నేర్పే రోజున అటొకరు ఇటొకరు పక్కన నడవాలి. మీ అమ్మాయి నేర్చుకునే రైడింగ్ స్కూల్లో ఈ నాలుగూ ఉన్నాయో లేదో ఒక పొద్దున మీరే వెళ్లి చూడండి. లేకపోతే క్లాసు ఆపమనే హక్కు మీకు ఉంది, అందులో నేను మీ పక్షమే. ఎండాకాలం వేళలు కూడా అడగండి. రోహిణి కార్తెలో విజయవాడలో పొద్దున తొమ్మిదయ్యాక అరీనాలోకి దిగడం మనిషికీ గుర్రానికీ మంచిది కాదు.

బాబాయిగారి గుర్రం కొనొద్దు. ఆయన ప్రేమతోనే అన్నారు, పాక ఉంది కదా, గడ్డి ఉంది కదా అని. కానీ గేదె బతికినట్టు గుర్రం బతకదు. దాని పొట్ట చిన్నది, రోజంతా కొంచెం కొంచెం మేస్తూ ఉండాలి. వరిగడ్డి ముందు పడేసి దాణా రెండు పూటలా పెడితే కడుపునొప్పి వస్తుంది. గుర్రానికి వాంతి చేసుకునే వీలు లేదు, ఆ నొప్పితోనే చచ్చిపోయిన గుర్రాలు ఎన్నో. ఐదారు వారాలకోసారి డెక్కలు చెక్కి లాడాలు చూసే మనిషి కావాలి. రోజంతా కట్టేసి ఉంచితే కాళ్లూ పాడవుతాయి, బుద్ధీ పాడవుతుంది. నమ్మకం కలగకపోతే బాబాయిని గన్నవరం వెటర్నరీ కాలేజీకి వెళ్లి అడగమను, గుర్రం పెంపకానికి ఏమేం కావాలో వాళ్లు చెబుతారు. పైగా ఊరేగింపు గుర్రానికి నేర్పేది నోట్లో కళ్లెం బిగించి ఉన్నచోటే చిందులు వేయడం. నీకు కావలసింది మెడ దించి, వీపు వదులుగా పెట్టి, నాలుగు దెబ్బల నడక నడిచే గుర్రం. ఆ పాత అలవాటు మాన్పించడం అనుభవం ఉన్న ట్రైనర్లకే కష్టం. కొనే డబ్బులు ఉంటే వాటితో మంచి శిక్షకుల దగ్గర సెలవుల్లో క్లాసులు తీసుకో.

డిగ్రీ ఆపవద్దు. ఇది నీ మీద నమ్మకం లేక అనడం లేదు. డ్రెస్సేజ్‌లో మనిషి ముప్పైల్లో, నలభైల్లో మెరుగవుతూ ఉంటుంది, పరుగు పందెంలా వయసు దాటిపోదు. సింగపూర్ రైడర్ లారెన్షియా టాన్‌కు నీలాగే సెరిబ్రల్ పాల్సీ, దానికి తోడు చెవులు దాదాపు వినపడవు. ఐదేళ్లప్పుడు ఫిజియోథెరపీ కోసమని గుర్రం ఎక్కించారు. 2008లో బీజింగ్ పారాలింపిక్స్‌లో ఆమె తెచ్చిన రెండు కాంస్యాలు సింగపూర్‌కు మొట్టమొదటి పారాలింపిక్ పతకాలు. అప్పటికి ఆమెకు దాదాపు ముప్పై ఏళ్లు. అయితే ఆమె పెరిగింది బ్రిటన్‌లో, గుర్రాలూ కోచ్‌లూ జడ్జీలూ ఉన్నచోట. మన డ్రెస్సేజ్ రైడర్ల కథా అంతే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మనవాళ్లు డ్రెస్సేజ్ టీమ్ స్వర్ణం గెలిచారు, గుర్రపుస్వారీలో 41 ఏళ్ల తర్వాత వచ్చిన స్వర్ణం అది. ఆ జట్టులోని కోల్‌కతా కుర్రాడు అనుష్ అగర్వాలా పదిహేడేళ్లకే జర్మనీ వెళ్లి నేర్చుకున్నాడు, పారిస్ ఒలింపిక్స్ డ్రెస్సేజ్‌లో దిగిన తొలి భారతీయుడయ్యాడు. దాని వెనక ఎంత డబ్బు ఉంటుందో నాన్నగారు ఊహించగలరు. అది మీ ఇంటికి ఇప్పుడే సాధ్యం కాకపోవచ్చు, అందుకు నువ్వు చిన్నబుచ్చుకోవద్దు. చేతిలో డిగ్రీ, తర్వాత ఒక ఉద్యోగం ఉంటే క్లాసుల ఫీజు నువ్వే కట్టుకుంటావు. స్పాన్సర్లను అడిగేటప్పుడు లెక్కలు రాయడానికి నీ బీకామే పనికొస్తుంది.

బెంగళూరుకు వేసవి సెలవుల్లో వెళ్లు. అక్కడ మన ఎండ లేదు, డ్రెస్సేజ్ నేర్పే స్కూళ్లు ఉన్నాయి. చేరేముందు ఫోన్లో అడుగు: ఎక్కడానికి ర్యాంపు ఉందా, నెమ్మదైన గుర్రాన్ని నెలంతా నాకే ఇస్తారా, మా ఫిజియోథెరపిస్టు వచ్చి చూడటానికి ఒప్పుకుంటారా. మూడోదానికి ముఖం చిట్లించే చోటికి వెళ్లకు.

ఇంకొకటి ఈ నెలలోనే చెయ్. ఢిల్లీలోని ఈక్వెస్ట్రియన్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియాకు ఉత్తరం రాయి. పారా డ్రెస్సేజ్ అంతర్జాతీయంగా ఎఫ్ఈఐ కిందే ఉంది కాబట్టి మన దేశంలో నీ తలుపు ఆ ఫెడరేషనే. నీ వయసు, జబ్బు పేరు, ఎన్నాళ్లుగా సవారీ చేస్తున్నావు, రైడర్‌గా నమోదు ఎలా, వర్గీకరణ చేయించుకోవాలంటే ఏ ఫారాలు నింపాలి, ఎక్కడికి రావాలి, ఇంతే రాయి. కష్టాల కథ వద్దు. నడకలో ఒక టెస్టు చేసిన వీడియో జతచెయ్, ఎడిట్ చేయకుండా. కాపీ ఒకటి పారాలింపిక్ కమిటీ ఆఫ్ ఇండియాకు, ఇంకొకటి మన రాష్ట్ర క్రీడా సంస్థ శాప్‌కు పంపు. జవాబు రాకపోతే నెల తర్వాత మళ్లీ రాయి. ఇలాంటి రైడర్ ఒకరు ఉన్నారని వాళ్ల ఫైల్లో ఉండాలి. నీ తర్వాత గుంటూరు నుంచో, తెనాలి నుంచో ఇంకో పిల్ల రాస్తే ఆ ఫైలు రెండోది అవుతుంది.

కోచ్ గారితో గొడవ పడొద్దు. మన ఊళ్లో నిన్ను గుర్రం ఎక్కించిన మనిషి ఆయనే. క్లాసు అయ్యాక, ఇద్దరే ఉన్నప్పుడు, "సార్, ఎడమ కాలితో నొక్కితే నా చేయి బిగుసుకుని పగ్గం లాగుతోంది. రెండు వారాలు కాలు మాట వదిలేసి ఊపిరి, కొరడాతో ప్రయత్నిద్దాం, మీరు నా ఎడమ చేయి ఒక్కటే గమనించండి" అని అడుగు. ఆయన ఒప్పుకుంటే నువ్వు అదృష్టవంతురాలివి, ఆయనా నీతో పాటు నేర్చుకుంటారు. రెండు వారాలు కూడా ఇవ్వనంటే, కేకలు ఆపనంటే, కోచ్‌ని మార్చు.

చివరగా, తుంటి ఎక్స్‌రే ఈ మధ్య తీయించారా? సెరిబ్రల్ పాల్సీలో తొడ ఎముక తల గుంతలోంచి కొంచెం కొంచెంగా పక్కకు జరగడం చాలామందిలో ఉంటుంది, నొప్పి లేకుండానే. కాళ్లు ఎడం చేసి కూర్చునే ఆటకు ముందు ఇది తెలిసి తీరాలి. తీయించి, గుర్రపుస్వారీ చేస్తున్నానని చెప్పి ఎముకల డాక్టరు అభిప్రాయం రాతలో తీసుకో. ఆ కాగితం వచ్చేదాకా ట్రాట్ వద్దు.